ఖాళీ కడుపుతో రావాలి

మా అల్లుడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు మొదట అందిన క్యారియర్‌లో గుత్తివంకాయ కూర ఉంది. రెండోదాన్లోనూ గుత్తివంకాయే. చీకటి పడేసరికి మూడోది వచ్చింది. ఆస్ట్రేలియాలో మా అమ్మాయివాళ్లుండే టార్నీట్ కొట్లలో ఆ పూటకి వంకాయలు మిగిలి ఉండవనుకున్నాను.

మేమెవర్నీ అడగలేదు. చుట్టుపక్కల వీధుల్లో ఉన్న తెలుగువాళ్లు వాట్సాప్‌లో గుంపు కట్టుకుని, ఏ రోజు ఎవరు తేవాలో వాళ్లే పంచుకున్నారు. మంచి మనుషులు. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను. ఎందుకంటే వాళ్ల మంచితనంతో నేను కొన్నాళ్లు గట్టిగానే పోట్లాడాల్సి వచ్చింది.

జరిగింది చిన్న పనిలో. వాన పడితే చూరు గొట్టంలోంచి నీళ్లు పొంగి గోడ మీదికి కారుతున్నాయని ఒక ఆదివారం మా అల్లుడు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఈ దేశంలో ఇలాంటి పనులు ఎవరింటివి వాళ్లే చేసుకుంటారు. నిచ్చెన జారింది. కాంక్రీటు అంచు తలకి తగిలింది. చీరాల నుంచి ఏడాది వీసా మీద నేను వచ్చేసరికి అతను ఇంకా కళ్లు తెరవలేదు. తర్వాత ఆపరేషన్లు, మళ్లీ నడకా మాటా నేర్పే రిహాబ్ నెలల తరబడి. కాళ్లు వచ్చాయి, ఎడమది కొంచెం ఈడుస్తాడు. మాట వచ్చింది. మనుషుల్ని గుర్తుపడతాడు. లెక్కలు కూడా చెబుతాడు.

రానిది ఒక్కటే. ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టలేడు.

దాహంగా ఉందా అని అడిగితే ఉందంటాడు. అడక్కపోతే ఎదురుగా నీళ్ల సీసా పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చుంటాడు. లేవమంటే లేస్తాడు. స్నానం చేయమంటే చేస్తాడు, ఆపమనే దాకా నీళ్లు పోసుకుంటూనే ఉంటాడు. ఇంకోటి, ఏ మాట చెబితే ఆ మాటే నిజమనుకుంటాడు. "ఒక్క నిమిషంలో వస్తా" అని మా అమ్మాయి షాపుకెళ్తే నిమిషం తర్వాత నుంచి తలుపు వైపే చూస్తూ కూర్చుంటాడు. అది కూడా మేము మంచికే అనుకున్నాం, ఎదురు చూస్తున్నాడు కదా అని.

ఇంటికొచ్చి అతన్ని చూసే థెరపిస్టు మా అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పింది, మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది.

"బండి బాగానే ఉందంటమ్మా. సెల్ఫ్ స్టార్ట్ అవడం లేదంట. మనం కిక్కు కొడితే నడుస్తుంది. అందరూ పొద్దస్తమానం కిక్కు కొడుతూనే ఉంటే సెల్ఫ్ ఎప్పటికీ రాదంట. వెయిట్ చెయ్యాలంట."

"ఎంతసేపు?"

"అతను లేచేదాకా."

"లేవకపోతే?"

"అదే నేనూ అడిగాను. అయినా వెయిట్ చెయ్యమంది."

ఆ థెరపిస్టు మొహం నిండా గోధుమరంగు మచ్చలున్న ఆస్ట్రేలియా పిల్ల. నవ్వితే బాగుండేది కానీ పనిలో నవ్వేది కాదు. ప్రభుత్వం ఇచ్చే సాయం ఎంత, ఎలా వాడాలన్నది ఆమె రాసే రిపోర్టు మీద ఆధారపడి ఉంటుంది. విషయం దాచకుండా చెప్పింది. చలికాలంలో నా వీసా అయిపోతుంది, నేను వెళ్లిపోవాలి. మా అమ్మాయి ల్యాబులో పని చేస్తుంది, సెలవులన్నీ వాడేసి కొన్నాళ్లుగా పార్ట్ టైం వెళ్తోంది, అది ఎక్కువకాలం కుదరదు. మధ్యాహ్నం పూట అతను తనంతట తాను లేచి, తిని, తిన్నాక ఫిట్స్ రాకుండా ఇచ్చే మాత్ర వేసుకోగలిగితే ఇంట్లో ఉండొచ్చు. లేకపోతే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఊరికి ఆ చివర, సిబ్బంది ఉండే ఒక ఇంట్లో, ఇలాంటివాళ్లు నలుగురైదుగురు కలిసి ఉండేచోట ఉండాలి.

"మీకేం కావాలి?" అని అతన్నే అడిగింది.

"నేను ఇక్కడే ఉంటాను," అన్నాడు.

మామూలుగా ఒక్క మాటతో సరిపెట్టేవాడు అంత వాక్యం చెప్పాడు. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది, ఏడుపు వినపడకుండా. నేను మాత్రం ఏడవలేదు. అతను అడిగాడు, మనం చెయ్యాలి, అంతే అనుకున్నాను.

కానీ చెయ్యనిచ్చేదెవరు? మా వీధి చివర రిటైరైన ఇంజినీరుగారున్నారు. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి. నేను అన్నయ్యగారూ అంటాను, పిల్లలందరికీ ఆయన అంకుల్. రోజూ వచ్చి మా అల్లుడి పక్కన కూర్చుని గ్లాసు నోటి దగ్గర పెట్టేవారు.

"అన్నయ్యగారూ, ఆయన్నే తీసుకోనివ్వండి."

"పాపం, ఎక్కడ తీసుకుంటాడమ్మా."

"చేతులున్నాయి కదండీ."

"ఉన్నాయనుకో," అంటూనే రెండో గుక్క పట్టించేవారు.

ఆయన భార్య ఇంకా ప్రేమ గల మనిషి. అన్నం కలిపి ముద్దలు చేసి ప్లేటు అంచున వరసగా పెట్టేది, మా అల్లుడు ఒక్కొక్కటీ తీసుకుని నోట్లో పెట్టుకునేవాడు. ఇక అత్తగార్ని నేనొకదాన్ని. మా వైపు అల్లుడు కూర్చుంటే అత్త నిలబడి వడ్డించాలి. అతను అడిగేదాకా చూడ్డం అంటే మర్యాద తెలియకపోవడమే. ఇంతమంది మర్యాద తెలిసినవాళ్ల మధ్య అతను కుర్చీలోంచి లేవాల్సిన అవసరమే రాలేదు.

ఆగి చూడటం ఎంత ముఖ్యమో నాకు వేరేచోట తెలిసింది. నేను చిన్నప్పుడు బడికి పోలేదు. మా అమ్మాయి ఆసుపత్రిలో అతని దగ్గర ఉన్న నెలల్లో మనవరాల్ని ఆదివారం తెలుగు బడికి నేనే తీసుకెళ్లేదాన్ని. వెనక బల్ల మీద ఊరికే ఎందుకు కూర్చోవాలని, యాభై ఎనిమిదేళ్ల వయసులో నేనూ అక్షరాలు పట్టాను. ఏడేళ్ల మనవరాలు నా పక్కన కూర్చునేది. నేను వేలు పెట్టి గ... డ... అని కూడబలుక్కుంటుంటే, "అమ్మమ్మా, ఇట్స్ గడప!" అని అరిచేది. అంతే, నోటి దాకా వచ్చిన మాట ఎగిరిపోయేది. ఆ పిల్లకి ప్రేమ లేక కాదు, ఉండబట్టి అరిచేది. "నువ్వు నోరు మూస్తేనే నేను నోరు తెరుస్తా" అని ఒక రోజు గట్టిగా చెప్పాను. నాలుగు వారాల్లో పేజీ చదివాను.

అందుకని ఇంట్లో ఆగి చూశాను. ప్లేటు అతని ముందు పెట్టి, గిన్నెలు దగ్గర పెట్టి, నోరు మెదపకుండా కూర్చున్నాను. అన్నం చల్లారింది. పప్పు మీద తొరక కట్టింది. అతను గోడ వైపు చూస్తున్నాడు. ఆఖరికి మాత్ర వేళ దాటిపోతోందని నేనే వడ్డించాను. మర్నాడూ అంతే. ఊరికే ఆగితే సరిపోదని తెలిసింది. అతని చేతికి ముందుగా దారి దొరకాలి.

ఆ మాట చెబితే థెరపిస్టు అడిగింది, దెబ్బ తగలకముందు ఇతను ఆలోచించకుండా చేతులతో చేసే పనేమైనా ఉందా అని. మా అమ్మాయి టీవీ రిమోటు అంది. నాకు మాత్రం వాళ్ల పెళ్లి గుర్తొచ్చింది. పెళ్లయిన మర్నాడు మా ఇంట్లో అల్లుడిగా పట్టె మంచం మీద కూర్చోవాల్సినవాడు, సాంబారు బకెట్ తీసుకుని బంతిలోకి దిగాడు. కుర్రతనం నుంచీ వాళ్ల వీధిలో ఎవరింట్లో భోజనాలైనా వడ్డన అతనిదేనట. బకెట్ ఎడమచేతికి, గరిటె కుడిచేతికి తీసుకుంటే ఆ చివరి ఆకు దాకా ఆగేవాడు కాదట. అల్లుడితో వడ్డింపించారని మా ఆడపడుచు ఏడాది పాటు దెప్పింది.

"బంతి అంటే ఏంటి?" అని థెరపిస్టు అడిగింది. మా అమ్మాయి కాగితం మీద గీసి చూపించింది, వరసగా కూర్చున్న జనం, వాళ్ల ముందు ఆకులు, వాళ్ల ఎదురుగా నడిచే మనిషి. ఆ పిల్ల చాలాసేపు ఆ బొమ్మ చూసింది. ఒక ఆకు అయ్యాక ఏం చెయ్యాలో తర్వాతి ఆకే చెబుతుంది కదా, అంది. ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. అప్పుడు నవ్వింది.

నెలకో శనివారం మా తెలుగువాళ్లు కమ్యూనిటీ హాల్లో భోజనం పెట్టుకుంటారు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లు తప్పకుండా రావాలని పట్టుబట్టేవారు, లేకపోతే ఆ ఇళ్లవాళ్లు గడప దాటరని. పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకరు వచ్చేవారు. చక్రాల కుర్చీలో ఒక యూనివర్సిటీ అమ్మాయి వచ్చేది, పుట్టుకతోనే కాళ్లు రావు, మాట మాత్రం పదును. అక్కడ ఎప్పుడూ బల్ల మీద గిన్నెలు పెట్టి ఎవరికి వాళ్లు వడ్డించుకునేవాళ్లు. ఈసారి బల్లలు వరసగా వేసి బంతి పెడదామన్నాను. మా అల్లుడు వడ్డిస్తాడన్నాను. సరేనన్నారు.

పప్పు బకెట్ అతని చేతికిచ్చి వరస మొదట్లో నిలబెట్టాను. అడుగు వేశాడు. మొదట ఉన్నది ఇంజినీరుగారే. గరిటె ప్లేటు మీదికి రాగానే ఆయన గబుక్కున లేచారు.

"అయ్యయ్యో, నువ్వెందుకు బాబూ! ఇలా ఇవ్వు, నువ్వు కూర్చో."

కూర్చోమన్నారు కాబట్టి అతను కూర్చున్నాడు. ఇంజినీరుగారు బకెట్ పట్టుకుని వరసంతా వడ్డించారు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. ఆ పూటంతా మా అల్లుడు ఇక లేవలేదు.

ఇంటికొస్తూ కారులో మా అమ్మాయి, "వదిలేద్దాంలేమ్మా" అంది.

"నువ్వు బండి నడుపు" అన్నాను.

మళ్లీ నెల నేను హాలుకి ముందే వెళ్లి, అందరూ కూర్చున్నాక వరస ముందు నిలబడ్డాను. అంతమంది ఎదుట మాట్లాడటం నాకదే మొదలు.

"ఎవరూ లేవకూడదు. బకెట్ లాక్కోకూడదు. అయ్యో పాపం అనుకుంటే మనసులో అనుకోండి. నేను కూడా కూర్చుంటున్నాను."

ఇంజినీరుగారి భార్య నోటి మీద చెయ్యి వేసుకుంది. "అల్లుడు వడ్డిస్తుంటే అత్తగారు కూర్చుని తింటుందా వదినా! ఎక్కడైనా ఉందా?"

"ఇక్కడుంది వదినా. పప్పు నుంచి పెరుగు దాకా తింటాను."

ప్లేట్లన్నిట్లో అన్నం ముందే పెట్టి ఉంది. నేను వరసలో మొదటి ప్లేటు ముందు కూర్చున్నాను. అతను బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు, ప్లేటునే చూస్తున్నాను. తర్వాత గరిటె అంచు బకెట్‌కి తగిలిన చప్పుడు. నా ప్లేటులో పప్పు పడింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆగాడు. పక్క ప్లేటుకి జరిగాడు. దానికీ పక్కదానికీ జరిగాడు. ఎవరూ చెప్పలేదు. కాలు ఈడుస్తున్నా, మా ఇంట్లో పెళ్లి మర్నాడు నడిచిన నడకే అది.

ఇంజినీరుగారి దగ్గరికి వచ్చాడు. ఆయన ఎప్పటిలాగే రెండు చేతులూ ప్లేటు మీద ఆడించి, "చాలు చాలు, చాలు బాబూ" అన్నారు. మనవాళ్ల అలవాటే అది. గరిటె కనపడగానే చాలనాలి. వడ్డించేవాడు వినకుండా వెయ్యాలి. వేశాక అయ్యో ఎందుకేశావనాలి, ఆ తర్వాత శుభ్రంగా తినాలి. మా అల్లుడికి ఆ నాటకం ఇప్పుడు లేదు. చాలన్నారు కాబట్టి ఏమీ వెయ్యకుండా ముందుకు జరిగాడు.

కూరకీ అంతే. సాంబారుకీ అంతే. నోటి అలవాటు ఆగదు కదా, ప్రతిసారీ ఆయన చాలు చాలంటూనే ఉన్నారు. ఆయన ఒక్కరే కాదు, పెద్ద మర్యాదస్తులు అయిదారుగురి ప్లేట్లలో తెల్లన్నం తప్ప ఏమీ లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. చక్రాల కుర్చీ అమ్మాయికి నవ్వు ఆగలేదు.

"అంకుల్, హీ జస్ట్ బిలీవ్డ్ యూ. ఆయన మీ మాట విన్నారు. ఆకలేస్తుంటే చాలని అబద్ధం ఎందుకు చెప్పారు?"

"అబద్ధం కాదమ్మా, మర్యాద."

"అయితే మర్యాద తినండి."

హాలంతా నవ్వింది. ఇంజినీరుగారూ నవ్వారు. మళ్లీ బకెట్ వచ్చేసరికి సర్దుకుని కూర్చుని, చిన్నపిల్లాడిలా ప్లేటు ముందుకు జరిపి, "వెయ్యి బాబూ. నిండా వెయ్యి" అన్నారు. మా అల్లుడు నిండా వేశాడు. ఎంత నిండా అంటే, ఆయన చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోయేసరికి సాంబారు ప్యాంటు మీదికి కారింది. ఆయన అయ్యో అనలేదు. "సూపర్" అన్నారు.

అక్కణ్నుంచి తోవ తెలిసింది. తన ప్లేటు ఖాళీగా ఉన్నా అతని చెయ్యి లేవదు. ఎదుటివాళ్ల ప్లేటు ఖాళీగా ఉంటే లేస్తుంది. మర్నాడు ఇంట్లో అతని ముందు కాదు, నా ముందు ఖాళీ ప్లేటు పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఆకలి మండిపోతోంది. గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు. లేచి నాకు అన్నం పెట్టాడు. పెట్టాక, బంతి అయిపోతే వడ్డించినవాళ్లు కూర్చున్నట్టు, తనూ కూర్చుని తనకి పెట్టుకున్నాడు. తిన్నాక మాత్ర డబ్బా తెరిచాడు.

థెరపిస్టుతో చెబితే ఒక ప్రశ్న వేసింది. "మీరు వెళ్లాక ఆ ఖాళీ ప్లేటు ఎవరిది?"

నాకు జవాబు తెలుసు. ఆ వాట్సాప్ గుంపు ఉంది కదా. ఇకమీదట క్యారియర్లు తేవద్దని చెప్పించాను. పొద్దున్నే మా అమ్మాయి వండి వెళ్తుంది. పన్నెండున్నరకి రోజుకొకరు మా ఇంటికి ఖాళీ కడుపుతో రావాలి. బల్ల దగ్గర కూర్చోవాలి, అడక్కూడదు, లేవకూడదు, చాలంటే నిజంగా చాలు. పెట్టినంత తిని వెళ్లాలి.

"ఇదేం సాయం వదినా, మీ ఇంటి మీద పడి తినడం!" అంది ఇంజినీరుగారి భార్య.

"మీరు వండి తెచ్చిన దానికంటే పెద్ద సాయం వదినా."

మొదటి రెండు వారాలు అందరూ సిగ్గుపడ్డారు. ఇంట్లో తినేసి వచ్చి, "ఆకలి లేదు బాబూ" అనేవాళ్లు, అతను నమ్మేసేవాడు, ఆ పూట తనూ లేచేవాడు కాదు. అలా చేసినవాళ్లని నేను మొహమాటం లేకుండా గుమ్మంలోంచే పంపేశాను, మధ్యాహ్నం తినకుండా రేపు రండని. క్రమంగా అలవాటు పడ్డారు. నైట్ షిఫ్టు చేసి వచ్చే కుర్రాళ్లకైతే పండగే.

నా ప్రయాణం దగ్గరపడింది. రిపోర్టు రాయడానికి థెరపిస్టు ఒక మధ్యాహ్నం చూడటానికి వచ్చింది. తను ఇంట్లో లేనట్టే అనుకోమని చెప్పి సోఫాలో ఓ మూల కూర్చుంది. ఆ రోజు వంతు ఇంజినీరుగారిది. పన్నెండున్నర అయింది, ఆయన రాలేదు. బల్ల దగ్గర ఎవరూ లేరు.

వెళ్లి కూర్చుందామని నా కాళ్లు అటే లాగాయి. కూర్చుంటే అతను లేస్తాడు, అది నాకు తెలుసు. కానీ నేను ఉండని రోజు కోసమే కదా ఆ పిల్ల వచ్చింది. బుట్ట తీసుకుని వెనక పెరట్లోకి వెళ్లిపోయాను. చలిగాలికి తీగ మీద బట్టలు కర్రల్లా బిగుసుకున్నాయి. ఒక్కొక్కటీ తీస్తూ అద్దం తలుపులోంచి చూశాను.

అతను చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి రెండు ప్లేట్లు పెట్టాడు. వీధి తలుపు దాకా వెళ్లి తెరిచి బయటికి చూశాడు. తిరిగొచ్చి సోఫా ముందు నిలబడ్డాడు.

"లంచ్?" అని ఆమెని అడిగాడు.

ఆమె నిజంగానే తినేసి వచ్చింది. "నో, థాంక్స్," అంది.

సరేనన్నట్టు తల ఊపి బల్ల దగ్గరికి వచ్చాడు. రెండో ప్లేటు తీసి పక్కన పెట్టాడు. నా చేతిలో దుప్పటి ఉంది, మడత పెట్టడం మరిచిపోయాను. ఒక్క ప్లేటు ముందు నిలబడి ఉన్నాడు. నిలబడే ఉన్నాడు. గరిటె తీసుకున్నాడు. తన ప్లేటులో అన్నం పెట్టుకున్నాడు. పప్పు వేసుకున్నాడు. కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని మాత్ర వేసుకున్నాడు.

ఇంజినీరుగారు అప్పుడొచ్చారు, ఆయాసపడుతూ. "డాక్టరు దగ్గర లేటైపోయిందమ్మా! అయిపోయిందా? చెడగొట్టేశానా?" మా అల్లుడు ఆయన్ని చూసి మళ్లీ లేచాడు, పక్కన పెట్టిన ప్లేటు తెచ్చి ముందు పెట్టాడు. ఆయన తింటూ థెరపిస్టు మాటలు నాకు తెలుగులో చెప్పారు. అతను తినడం కంటే, తలుపు తెరిచి చూడటం, తనని అడగటం ఆమెకి ముఖ్యంగా కనిపించాయట. ఎవరూ తొయ్యకుండా మొదలైనవి అవేనట. ఇంట్లోనే ఉండొచ్చని రాస్తానంది. వారానికి రెండు సాయంత్రాలు బయట నడిపించడానికి ఒక మనిషిని ఇవ్వమని కూడా రాస్తానంది. మధ్యాహ్నాలకి మాత్రం జీతం తీసుకునే మనిషి వద్దు, మీరే రండి అందట.

"అంటే నేను రిటైరయ్యాక మళ్లీ డ్యూటీలో చేరానన్నమాట" అన్నారు ఇంజినీరుగారు, పెరుగు గిన్నె వైపు చూస్తూ.

మా అమ్మాయి ఫోన్లో విని, "సోమవారం నుంచి నేను ఫుల్ టైం వస్తానని చెప్పేస్తున్నానమ్మా" అంది.

నేను బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం, వచ్చినవాళ్లు వెళ్లాక, నేను పెట్టె సర్దుకుంటున్నాను. మా అల్లుడు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. దెబ్బ తగిలాక అతను నన్ను పిలవడం నేను వినలేదు. పిలిస్తే పలకడమే.

"అత్తయ్యా, రేపు ఎవరొస్తారు?"

చీర మడత చేతిలోనే ఉంది. "రేపా... చక్రాల కుర్చీ అమ్మాయి వస్తుంది బాబూ. వాళ్ల నాన్న దింపుతాడు."

తల తిప్పి హాల్లో బల్ల వైపు చూశాడు.

"అయితే బల్ల దగ్గర ఒక కుర్చీ తీసెయ్యాలి," అని హాల్లోకి వెళ్లాడు. కుర్చీ నేల మీద రాసుకుంటూ గోడ వైపు జరుగుతున్న చప్పుడు వినపడింది. నేను లేవలేదు.